ఏడో గ్రీన్‌కు పట్టిన ఎండ

కమలాకర్ ఏడో గ్రీన్ మీద అడ్డంగా నడిచి, అవతలి అంచున ఆగి వెనక్కి తిరిగి చూశాడు. అడుగులు అలాగే ఉన్నాయి.

గడ్డిలో నీళ్లుంటే కాలు తీయగానే లేస్తుంది. దాహంతో ఉన్న గడ్డి లేవదు; తొక్కినవాడి చెప్పు అచ్చు మీద వేసుకుని అలాగే పడుకుంటుంది. ఎండెక్కాక గంటా రెండు గంటలు పట్టించుకోకపోతే నీలం తిరుగుతుంది, ఆ తర్వాత బూడిదరంగుకొస్తుంది, ఆపైన ఎన్ని నీళ్లు పోసినా పలకదు. కమలాకర్ మోకాళ్ల మీద కూర్చుని వేళ్లు దువ్వెనలా చేసి గడ్డిలోకి దూర్చాడు. పొద్దున ఐదున్నరకే మట్టి గోరువెచ్చగా ఉంది. మే నెల రెండో సోమవారం. గోడ అవతల అమీర్‌పేట వైపు ఇంకా మెట్రో కూత మొదలవలేదు.

పంజగుట్ట మెయిన్ రోడ్డుకు వెనక, ఎత్తైన గోడల నడుమ ఉన్న పాత క్లబ్బు అది. లోపల తొమ్మిది గుంతల చిన్న గోల్ఫ్ మైదానం. ఒక్కో గుంత చుట్టూ తివాచీలా కత్తిరించిన గడ్డి ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. మిగతా మైదానం కాస్త ఎండినా ఎవరూ ఏమనరు, గ్రీన్ మీద అరచేయంత మచ్చ పడితే మాత్రం ఫోన్లు మోగుతాయి. ఆ తొమ్మిది గ్రీన్లకు పంతొమ్మిదేళ్లుగా కమలాకరే సూపర్‌వైజరు. ఏడోదైతే అతను పోచ పోచా నాటిందే. సిరిసిల్లలో వాళ్ల నాయన మగ్గం మీద పోగు తెగితే ఎలా వెతికేవాడో, ఇతను గడ్డిలో కలుపు అలా వెతుకుతాడని క్లబ్బులో అంటుంటారు.

ఏడు గంటలకు సెక్రటరీ పిలిపించాడు. ఆయన పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. కాకినాడ వైపు మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు. ఆదివారం టోర్నమెంటు ఉందనీ, బయటి క్లబ్బులవాళ్లు వస్తారనీ, అంతదాకా పదకొండు నుంచి నాలుగు వరకు గంటకోసారి గ్రీన్ల మీద సన్నటి జల్లు పడాలనీ చెప్పాడు. గడ్డి ఒంటి వేడి దిగాలంటే అదొక్కటే దారి. ఆ మాట కమలాకర్‌కూ తెలుసు. తర్వాత ఆయన ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. ఏడో గ్రీన్ పక్కన మెంబర్లు ఆగి నీళ్లు తాగే గుడిసె. దాని బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు కాళ్లు చాపుకుని పడుకున్నారు. ఒకామె ముఖం మీద కొంగు కప్పుకుంది. అయినా ఎవరో కమలాకర్ పోల్చుకున్నాడు. కాంతవ్వ. పక్కన సుమలత.

"ఏంటి కమలాకర్, ఇది చూశావా? ఒక మెంబర్ గారు పంపారు," అన్నాడు సెక్రటరీ. "పాపం ఆడవాళ్లే, నేను కాదనను. కానీ మెంబర్లు వచ్చే చోట ఇలా పడుకుంటే బాగుండదు కదా. కాస్త నువ్వే చెప్పు. నీ మాటైతే వింటారు."

కమలాకర్ తల ఊపాడు.

ఏడో గ్రీన్ చుట్టూ ఒకప్పుడు మూడు వేపచెట్లుండేవి. నీడ పడితే గడ్డి ఎదగడం లేదనీ, వేళ్లు గ్రీన్ నీళ్లు తాగేస్తున్నాయనీ ఆరేళ్ల కింద కొట్టించారు. ఇప్పుడు అక్కడ నీడంటే ఆ తాటాకు గుడిసె ఒక్కటే. రెండోది పంపుషెడ్డు, మైదానానికి ఆ కొసన. ఆరు, ఏడు, ఎనిమిది గ్రీన్లు తడిపేసరికి గంటలో పావు మిగులుతుంది. ఆ పావులో షెడ్డుకు పోయి రావడానికే సరిపోతుంది, కూర్చోవడానికి ఉండదు. ఇవన్నీ కమలాకర్ సెక్రటరీకి చెప్పొచ్చు. చెప్పలేదు.

పదకొండింటికి గొట్టం చుట్టలు విప్పుతూ, ముఖం ఎత్తకుండా చెప్పాడు. "గుడిసెల కూసోవద్దంట."

"మరేడ కూసోవాల్నంట?" అని అడిగింది సుమలత. ముప్పై ఐదేళ్లుంటాయి, మాట పదును.

పంపుషెడ్డు ఉంది కదా అన్నాడతను. సుమలత అటువైపు చూసి, ఎండలో కళ్లు చికిలించి, చిన్నగా నవ్వింది. కాంతవ్వ మాత్రం తువ్వాలు తడిపి తలకు చుట్టుకుంటూ, "సరే తమ్మీ," అంది. ఆమెకు యాభై రెండు దాటాయి. సిద్దిపేట దగ్గర ఊళ్లో ఎవుసం చేసిన మనిషి. పని చెప్తే మారు మాట్లాడదు.

మంగళవారం పన్నెండు దాటేసరికి గాలి ఆగిపోయింది. మైదానం మీద ఎండ పెనం మీద నూనెలా కదిలింది. కమలాకర్ మూడో గ్రీన్ దగ్గర తెగిన పైపు అతికించి, సైకిలెక్కి ఏడో గ్రీన్ వైపు వచ్చాడు. దూరంగా నలుగురు ఆటగాళ్లు బంతి కొట్టడానికి ఆగి ఉన్నారు. అందులో ఒకాయన పక్కకు జరగమని కాంతవ్వకు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె జరగడం లేదు. గొట్టం చేతిలోనే ఉంది కానీ కిందికి వాలిపోయింది. నీళ్లన్నీ ఒకే చోట పడి మడుగు కడుతున్నాయి.

"కాంతక్కా, గొట్టం తిప్పు, గడ్డి కుళ్లిపోతది," అని కేకేశాడు కమలాకర్.

ఆ కేక తర్వాత చాలా రోజులు అతని చెవుల్లోనే ఉండిపోయింది.

కాంతవ్వ కలుపు తీయడానికి వంగినట్టు వంగి, మోకాళ్ల మీద కూర్చుని, పక్కకు ఒరిగింది. కమలాకర్ సైకిల్ వదిలేసి పరుగెత్తాడు. ఒళ్లు పొయ్యి మీది గిన్నెలా కాలుతోంది. చెమట చుక్క లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. బర్రెను విప్పిండ్రా అని అడిగింది అతన్ని. ఎనిమిదో గ్రీన్ మీదున్న సుమలత వచ్చి కాళ్లు పట్టుకుంది. ఇద్దరూ కలిసి మోసుకుపోయి గుడిసెలో బెంచీ మీద పడుకోబెట్టారు. నిన్న ఎక్కొద్దన్న బెంచీయే.

ఆటగాళ్లలో పెద్దాయన ఒకరు తన డబ్బాలోంచి ఐసు తీసి మెడకింద, చంకల్లో పెట్టమన్నాడు. ఆయనే 108కి ఫోన్ చేశాడు. మిగతావాళ్లు గుడిసె ముందు కాసేపు నిలబడ్డారు. వెనక ఇంకో జట్టు వచ్చి ఆగింది. ఎవరో అన్నారు, మనం కానిచ్చేద్దామా, వెనకవాళ్లు ఆగిపోయారు అని. ముగ్గురూ గ్రీన్ మీదికి నడిచారు. కాంతవ్వ తల ఒడిలో పెట్టుకుని తడిగుడ్డతో ముఖం తుడుస్తున్న కమలాకర్‌కు బంతి గుంతలో పడిన చప్పుడు వినిపించింది. టక్‌మని. ఆ గుంతలో బంతి పడే డబ్బా పొద్దున తనే దిగ్గొట్టాడు.

అంబులెన్సు మైదానంలోకి రాకూడదు, చక్రాల అచ్చులు పడతాయి. క్లబ్‌హౌస్ దగ్గర బ్యాటరీ బండ్లున్నాయి. ఫోన్ చేస్తే పర్మిషన్ అడిగి చెప్తామన్నారు. కమలాకర్ ఆగలేదు. కోసిన గడ్డి మోసే తోపుడుబండిని ఖాళీ చేసి, అందులో కాంతవ్వను పడుకోబెట్టి, సుమలతా తనూ గేటు దాకా లాక్కుపోయారు.

సర్కారు దవాఖానలో డాక్టరు, ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు. ప్రాణానికి భయం లేదు, కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఎంత తిరిగొస్తాయో చూడాలన్నాడు. కాంతవ్వ బిడ్డ మంజూష మధురానగర్‌లో ఒక అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తుంది. చేతులకు పిండి అలాగే ఉండగా ఉరికొచ్చింది. ఏమైందని అడిగితే ఎండ తగిలిందన్నాడు కమలాకర్. అంతకు మించి చెప్పలేకపోయాడు.

బుధవారం పొద్దున సెక్రటరీ గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు. పంతొమ్మిదేళ్లలో ఆ కుర్చీలో కమలాకర్ కూర్చోవడం అదే మొదలు.

"కూర్చోండి కమలాకర్ గారూ. నిన్న మీరు చేసింది చిన్న పని కాదు. ఆవిడ ప్రాణం కాపాడారు."

గారు అనడం కూడా అదే మొదలు. తర్వాత ఒక కాగితం జరిపాడు. తెలుగులోనే టైపు చేసి ఉంది. సదరు కార్మికురాలు ఉదయం ఏమీ తినకుండా పనికి వచ్చినట్టు తెలిసిందని ఉంది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత నీడలో విశ్రాంతి తీసుకోవాలని సూపర్‌వైజర్ పలుమార్లు చెప్పినా ఆమె వినలేదని ఉంది. కింద సూపర్‌వైజర్ సంతకానికి చుక్కలు.

కమలాకర్ రెండుసార్లు చదివాడు. సెక్రటరీ తొందరపెట్టలేదు. రేపు లేబర్ ఆఫీసువాళ్లు వస్తే ఆమెను ఎండలో నిలబెట్టింది ఎవరని అడుగుతారనీ, అడిగితే మొదట వచ్చేది సూపర్‌వైజర్ పేరేననీ, ఈ కాగితం ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదనీ, మెల్లగా, కొడుక్కు పాఠం చెప్పినట్టు చెప్పాడు. పెన్ను మూత తీసి ఆయనే అందించాడు.

కమలాకర్ సంతకం పెట్టాడు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వెనక సందులో, రేకుల కింద రెండు గదులు వాళ్లవి. ఆ సాయంత్రం భార్య బిందు మిషను మీద జాకెట్ కుడుతుంటే, అన్నం ముందు కూర్చుని అతను ఈ సంగతి చెప్పాడు. దాచి పెట్టుకుంటే ముద్ద దిగలేదు. బిందు పాదం ఆపింది.

"పొద్దున ఏం తినలేదని నీకెట్ల తెలుసు?"

కమలాకర్ కంచంలోకి చూశాడు. మంగళవారం ఏడు గంటలకు పంపుషెడ్డు దగ్గర కాంతవ్వ డబ్బా విప్పి జొన్నరొట్టె, టమాట తొక్కు తీసింది. ఒక రొట్టె సగం విరిచి అతనికిచ్చింది. అతను నిలబడే తిన్నాడు, తొక్కు బాగుందని ఇంకాస్త వేయించుకున్నాడు కూడా. ఆ మాట బిందుకు చెప్పాడు. ఆమె మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

గురువారం సాయంత్రం కొబ్బరిబోండం పట్టుకుని దవాఖానకు పోయాడు. కాంతవ్వ తెలివిలోకి వచ్చింది. ముఖం పీక్కుపోయి, పెదాలు పగిలి ఉన్నాయి. అతన్ని చూడగానే మంచం అంచున చోటు చూపించి, గడ్డి బతికిందా అని అడిగింది. బతికిందన్నాడు. చెప్పాల్సిన మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని అతను చూస్తుండగా ఆమే చెప్పింది.

"నిన్న మాపటికి మీ ఓంప్రకాష్ వచ్చిండు తమ్మీ, ఆఫీసులుంటడు గద, గాయన. మంజూష మందులకు పోయింది. ఒక కాయితం తెచ్చి ఏలు పెట్టుమన్నడు. నాకు సదువు రాదు గదా, ఏం కాయితమని అడిగిన. దవాఖానదే అన్నడు. కింద నీ సంతకం చూపిచ్చిండు. నీ సంతకం నేనెరుగుదు గద, హాజరు పుస్తకంల దినాం జూస్త. కమలాకర్ పెట్టిండంటె మన మంచికే అయితదని నేను సుత పెట్టిన."

అప్పుడే లోపలికొచ్చిన మంజూష చేతికి కమలాకర్ బోండం ఇచ్చి, కొట్టించుకు రమ్మన్నాడు.

ఆమె తప్పు ఆమే ఒప్పుకున్నట్టు కాగితం అయిపోయింది. రేపు కిడ్నీలు తిరిగిరాకపోతే, మళ్లీ గొట్టం పట్టలేకపోతే, క్లబ్బుకు ఏ సంబంధమూ లేదు. ఆ వేలు పెట్టించింది ఓంప్రకాష్ కాదు, తన సంతకం. అతను లేచి నిలబడ్డాడు. మళ్లొస్తానక్కా అని మాత్రం అనగలిగాడు. మంజూష బోండం కొట్టించుకొచ్చేసరికి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున కుర్చీ చూపించకముందే సెక్రటరీ ఎదుట నిలబడి, ఆ కాగితం తిరిగి ఇవ్వమన్నాడు. అందులో ఉన్నది అబద్ధమన్నాడు. ఆమె తినే పనికి దిగింది, నీడలో కూర్చోవద్దన్నదే మనం అన్నాడు. సెక్రటరీ అంతా విన్నాడు.

"ఆవిడే ఒప్పుకుని వేలిముద్ర వేసింది కదా కమలాకర్. అయిపోయినదాని గురించి ఇప్పుడెందుకు? ఎల్లుండి టోర్నమెంట్. నువ్వు ఏడో గ్రీన్ సంగతి చూడు."

గారు పోయింది. కమలాకర్‌కు అది అప్పుడే తెలిసింది.

మైదానంలోకి వచ్చాడు. అరవాలనుంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. పదకొండింటికి సుమలత, ఇంకో నలుగురు ఆడవాళ్లు గొట్టాలు భుజాన వేసుకుని వచ్చారు. అతను సుమలత చేతిలోంచి గొట్టం తీసుకున్నాడు. అందరినీ గుడిసెలో కూర్చోమన్నాడు.

"ఎవలన్నరు?" అంది సుమలత, కదలకుండా.

"నేనంటున్న."

వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని వెళ్లి బెంచీల అంచున, ఎప్పుడు లేవాల్సొస్తుందో అన్నట్టు కూర్చున్నారు. కమలాకర్ గ్రీన్ మీద నిలబడి జల్లు తిప్పాడు. ఎండాకాలంలో అతను సైకిలు మీద తిరిగిన మనిషే కానీ ఒకచోట నిలబడిన మనిషి కాదు. సైకిలు మీద పోతుంటే వేడిగాలైనా తగులుతుంది. ఇక్కడ అదీ లేదు. పైనుంచి ఒక ఎండ, తడి గడ్డి మీంచి ఆవిరై లేచేది ఇంకోటి. పన్నెండున్నరకు కణతలు కొట్టుకున్నాయి. ఒంటిగంటకు వేళ్లకు గొట్టం పట్టు తెలియడం మానేసింది. గుడిసె ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. అందులో మెంబర్ల కోసం పెట్టిన నీళ్ల కూలర్ చప్పుడు వినిపిస్తోంది. ఈ ఎనిమిది అడుగులు నడవొద్దని ఒక మనిషికి చెప్పాను, ఆమె సరే తమ్మీ అంది, అనుకున్నాడు.

పోయి వాల్వు కట్టేశాడు. గొట్టం గ్రీన్ మీదే పడేసి వచ్చి గుడిసెలో సుమలత పక్కన కూర్చున్నాడు. ఆమె గ్లాసులో నీళ్లు పట్టి ఇచ్చింది.

రెండు గంటలకు గ్రీన్ మధ్యలో నీలం కనిపించింది. రెండున్నరకు బూడిదరంగు. ఏ పోచను ఏ రోజు నాటాడో అతనికి గుర్తే. లేచి వాల్వు తిప్పాలని కాళ్లు రెండుసార్లు కదిలాయి. రెండుసార్లూ తొడల మీద చేతులు గట్టిగా వేసుకుని ఆపుకున్నాడు. ఏడ్చాడేమో కూడా, చెమటలో తెలియలేదు.

మూడింటికి సెక్రటరీ బ్యాటరీ బండిలో వచ్చాడు. గ్రీన్ చూశాడు, గుడిసెలో ఉన్నవాళ్లను చూశాడు. కమలాకర్‌తో, పంపుషెడ్డు తాళాలు ఓంప్రకాష్‌కు ఇచ్చి వెళ్లమన్నాడు. మళ్లీ ఎప్పుడు రావాలో కబురు చేస్తామన్నాడు. కమలాకర్ మొలకున్న తాళాల గుత్తి విప్పి బండి సీటు మీద పెట్టాడు. గేటు దాకా నడిచాడు. ఆ నడకలో గుండె తేలికైంది. చేయాల్సింది చేసేశాననిపించింది.

శనివారం మధ్యాహ్నం దవాఖానకు బయల్దేరుతుంటే సుమలత ఫోన్ చేసింది. ఏడో గ్రీన్‌కు రంగు వేస్తున్నారట. డ్రమ్ముల్లో పచ్చరంగు కలిపి, చచ్చిన గడ్డి మీద స్ప్రే కొడుతున్నారట. దూరం నుంచి చూస్తే మునుపటికన్న పచ్చగుందన్నా, అంది. సోమవారం లేబర్ ఆఫీసుకు పోతే తనూ వస్తాననీ, అడిగితే చూసిందంతా చెప్తాననీ అంది. వద్దనలేదు కమలాకర్.

కాంతవ్వ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మంజూష అరటిపండు ఒలిచి ముక్కలు చేసి పెడుతోంది. కమలాకర్ స్టూలు లాక్కుని కూర్చుని, ముందు ఆ మొదటి కాగితంలో ఏముందో చెప్పాడు. అందులో ఉన్న మాటలే, ఒక్కటీ మార్చకుండా. ఏమీ తినకుండా పనికి వచ్చిందన్నది చెప్పాడు. నీడలో కూర్చోమంటే వినలేదన్నది చెప్పాడు. అది చదివే తను సంతకం పెట్టానన్నాడు. మంజూష చేతిలో పండు ఆగిపోయింది. కాంతవ్వ కిటికీ వైపు చూస్తూ వింది.

లేబర్ ఆఫీసులో ఇవ్వడానికి కొత్తది రాసుకొచ్చానన్నాడు కమలాకర్. నిన్న రాత్రి బిందు పక్కన కూర్చుంటే రాశాడు. జేబులోంచి మడత విప్పి చదివాడు. కాంతవ్వ పొద్దున తినే పనికి దిగింది. పదకొండు నుంచి ఎండలో గంటకోసారి గ్రీన్లు తడిపించారు. దగ్గర్లో నీడ ఉన్నా కూర్చోవద్దని చెప్పారు. పడిపోయాక బండి అడిగితే ఇవ్వలేదు. ఇంతకు ముందు పెట్టించుకున్న వేలిముద్ర కాగితంలో ఏముందో ఆమెకు చదివి వినిపించలేదు.

"ఎవలు చెప్పిన్రు?" అంది కాంతవ్వ.

"ఏంది?"

"నీడకు కూసోవద్దని. ఎవలు చెప్పిన్రు?"

"ఆఫీసోళ్లు గదక్కా."

కాంతవ్వ తల అడ్డంగా ఊపింది. "ఆఫీసోళ్ల మొఖం నేనెన్నడు సూడలే తమ్మీ. నాకు చెప్పింది నువ్వు. నీ పేరు రాయి."

గొంతులో కోపం లేదు. కూర సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. మంజూష తల వంచుకుంది. కమలాకర్ కాగితం వైపు చూశాడు. చెప్పారు అన్న చోట ఎవరూ లేరు. రాసేటప్పుడు ఆ సంగతి తనకు తట్టనే లేదు. నిన్న ఎండలో నిలబడినప్పుడూ, తాళాలు విప్పి పెట్టినప్పుడూ, గేటు దాటినప్పుడూ తట్టలేదు.

పెన్ను తీశాడు. ఆ వాక్యం కొట్టేసి పైన రాశాడు. రాయడానికి మూడు మాటలే. స్టాంపు ప్యాడు లేదు. మంజూష పెన్నుతో గీతలు గీసి తల్లి బొటనవేలికి ఇంకు పూసింది. కాంతవ్వ వేలు కాగితం దాకా తెచ్చి, ఆనించకుండా ఆపింది.

"మొదటిసంది ఇంకోపారి చదువు."

కమలాకర్ మొదటినుంచి చదివాడు. ఎండలో తడిపించిన దగ్గర గొంతు బాగానే ఉంది. "సూపర్‌వైజర్ కమలాకర్ కూర్చోవద్దన్నాడు" అన్న చోట తగ్గింది.

"జర గట్టిగ," అంది కాంతవ్వ.